నెలసరికి ముందు వచ్చే ఫిట్స్

మా పిన్నికి ఫిట్స్ ఉండేవి. వంటింటి గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌లో అమావాస్య రోజున నల్లటి సున్నా ఉంటుంది కదా, ఫిట్ వచ్చిన ప్రతిసారీ అమ్మమ్మ వెళ్లి ఆ సున్నా ఎంత దూరంలో ఉందో చూసేది. మూడు రోజులు అటూ ఇటూ అయినా "అదిగో, అమావాస్య!" అనేది. అదే క్యాలెండర్‌లో, పాల లెక్కల పక్కన, పిన్ని బహిష్టయిన తేదీకి పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకునేది. ఫిట్స్ వచ్చిన తేదీలను ఆ చుక్కలతో పోల్చి చూడాలని మాలో ఎవరికీ తట్టలేదు.

చంద్రుడి నెల ఇరవై తొమ్మిదిన్నర రోజులు. చాలామందికి నెలసరి 28 రోజులకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. రెండు లెక్కలూ ఇంత దగ్గరగా ఉంటే, కొన్ని నెలల పాటు నెలసరి అమావాస్యతోనే నడుస్తున్నట్టు అనిపించడంలో వింత లేదు. ఫిట్స్ ఉన్న ఆడవాళ్లలో సుమారు మూడోవంతు మందికి అవి నెలసరిని బట్టి పెరిగి తగ్గుతుంటాయి. డాక్టర్లు దీన్ని కాటమీనియల్ ఎపిలెప్సీ అంటారు.

మెదడు కణాలను ఉరకలెత్తించే సంకేతాలు కొన్ని, ఆపే సంకేతాలు కొన్ని. ఆపే వాటిలో ముఖ్యమైనది గాబా అనే రసాయనం. బండికి బ్రేకు ఎలాగో మెదడుకు అదలాగ. అండం విడుదలయ్యాక శరీరంలో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అందులో కొంత అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థంగా మారి గాబా బ్రేకును ఇంకాస్త గట్టిగా పట్టిస్తుంది. ఈస్ట్రోజెన్ అనే మరో హార్మోన్ చాలావరకు ఉరకలెత్తించే వైపు పనిచేస్తుంది. నెలసరికి ముందు రెండు మూడు రోజుల్లో ప్రొజెస్టరాన్ ఒక్కసారిగా పడిపోతుంది. అన్నాళ్లూ గట్టిగా పట్టిన బ్రేకు వదులవుతుంది. కొందరికి అండం విడుదలయ్యే ముందు కూడా ఫిట్స్ పెరుగుతాయి, అప్పటికి ఈస్ట్రోజెన్ ఎగసి ఉంటుంది, ప్రొజెస్టరాన్ ఇంకా రాదు.

నెలసరికీ ఫిట్స్‌కీ ఉన్న లంకెను వైద్యులు ఎప్పుడో గమనించారు. లండన్‌లో విక్టోరియా రాణికి పురుళ్లు పోసిన డాక్టర్ చార్లెస్ లోకాక్, నెలసరితో ముడిపడిన ఫిట్స్‌కు పొటాషియం బ్రోమైడ్ పనిచేస్తోందని 1857లో చెప్పారు. కామోద్రేకం వల్ల ఫిట్స్ వస్తాయని, మందు దాన్ని అణుస్తుందని ఆయన అనుకున్నారు. కారణం తప్పు, మందు మాత్రం పనిచేసింది. మూర్ఛకు నిజంగా పనికొచ్చిన మొదటి మందు అదే.

ఇక లెక్క. రక్తస్రావం మొదలైన రోజును ఒకటో రోజుగా పెట్టుకోండి. దానికి ముందు మూడు రోజులు, ఆ రోజుతో కలిపి మరో మూడు, మొత్తం ఆరు. 28 రోజుల్లో ఆరంటే సుమారు ఐదో వంతు. ఫిట్స్ ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవైతే, పదింటిలో రెండు ఈ ఆరు రోజుల్లో పడాలి. ఐదు పడ్డాయనుకోండి, రోజుకు ఇన్ని అని లెక్కేస్తే మిగతా రోజులకు మూడు రెట్లు దాటుతుంది. దాదాపు రెట్టింపైతే డాక్టర్లు దాన్ని నెలసరితో ముడిపడిందిగా లెక్కిస్తారు. ఒక్క నెల చూసి తేల్చకూడదు, కనీసం మూడు నెలసరులైనా రాసుకోవాలి.

ఆ కాగితం డాక్టర్ చేతిలో పెడితే వైద్యమే మారవచ్చు. నెలసరి సక్రమంగా వచ్చేవాళ్లకు ఆ కొద్ది రోజులే క్లోబజామ్ అనే ఫిట్స్ మాత్ర రాసే డాక్టర్లున్నారు. ప్రొజెస్టరాన్ మాత్రల మీద అమెరికాలో పెద్ద పరీక్షే చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. అందరినీ కలిపి చూస్తే లాభం కనబడలేదు. నెలసరి దగ్గర ఫిట్స్ మూడు రెట్లు, అంతకుమించి పెరిగేవాళ్లకు మాత్రం మేలు జరిగింది. అంటే మందు ఎవరికి పనికొస్తుందో చెప్పేది ఆ తేదీల లెక్కే.

మందు మోతాదును ఎవరికి వాళ్లు పెంచుకోవడం, తగ్గించుకోవడం ప్రమాదం. లామోట్రిజిన్ అనే ఫిట్స్ మందు వాడే ఆమె ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్ర మొదలుపెడితే రక్తంలో ఆ మందు సగానికి పడిపోవచ్చు. కార్బమజపైన్, ఫెనిటోయిన్ లాంటి ఫిట్స్ మందులైతే తిరగబడి గర్భనిరోధక మాత్ర బలాన్నే తగ్గిస్తాయి. మనిళ్లల్లో వ్రతానికో, పెళ్లికో, తిరుపతి ప్రయాణానికో పీరియడ్స్ వాయిదా వేసే మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటారు. వాటిలోనూ ఉండేది హార్మోనే. ఫిట్స్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాటిని ముట్టుకోవద్దు. శివరాత్రి జాగారం కూడా వద్దు. నిద్ర లేకపోతే ఫిట్స్ రావడం తేలిక, నెలసరి రోజులు కూడా అప్పుడే తోడైతే మరీ కష్టం.

ఒక్క మూర్ఛే కాదు. నెలసరి ముందు కొందరికి మైగ్రేన్ వస్తుంది, కొందరికి ఆస్తమా ఎక్కువవుతుంది, ఇన్సులిన్ వేసుకునే కొందరికి షుగర్ పెరుగుతుంది. వీళ్లలో చాలామంది అది తమ అజాగ్రత్త అనుకుని బాధపడతారు. వాళ్ల తప్పేమీ లేదు.

పిన్నిని చూసిన డాక్టర్లలో చాలామంది పీరియడ్స్ సంగతి అడగలేదు. అడిగిన ఒకాయన గదిలో బాబాయి, తాతయ్య, ఇద్దరూ ఉన్నారు. "పీరియడ్స్ ఎప్పుడొచ్చాయమ్మా?" అంటే పిన్ని తల దించుకుని "గుర్తులేదండీ" అంది. తేదీలన్నీ వంటింటి గోడ మీద ఉన్నాయి. తర్వాతిసారి అమ్మ తోడు వెళ్లింది, క్యాలెండర్‌ను గోడ మీంచి తీసి, చుట్టి, సంచిలో పెట్టుకుని.