మూత కింద ఖాళీ ఎందుకు?

పిల్లలకు ఆశీస్సులు.

పర్లాకిమిడిలో ఎండలు ముదిరాయనీ, ఇంట్లో పూటకో నీళ్ళ సీసా ఖాళీ అవుతోందనీ మీ అమ్మ రాసింది. ఆ ఉత్తరం అడుగున మీరు పెన్సిలుతో రాసింది కూడా చదివాను. "తాతయ్యా, పాతపట్నంలో కొన్న సీసాలన్నింటిలోనూ నీళ్ళు ఒకే గీత దగ్గర ఆగాయి. ఎవరు కొలిచి పోస్తారు? పైన ఖాళీ ఎందుకు వదిలేస్తారు? అది మోసం కాదా?" మూడు ప్రశ్నలు అడిగామనుకుంటున్నారేమో, మూడింటికీ జవాబు గాలి దగ్గరే ఉంది. మీరు బడిలో చదివేది ఒడియా కదా, నా తెలుగు ఎక్కడైనా కొరుకుడు పడకపోతే అమ్మమ్మ చేత చదివించుకోండి.

ఖాళీ సీసా అని మనం అంటాం గానీ దాన్నిండా గాలి ఉంటుంది. నీళ్ళు లోపలికి దిగాలంటే ఆ గాలి బయటికి పోవాలి. సీసాలు నింపే ఫిల్లింగ్ మిషను నడిపేవాడి పనిలో సగం, గాలికి దారి సరిగ్గా ఉందా లేదా అని చూసుకోవడమే.

పెళ్ళి బంతి చూశారు కదా, మిషను కూడా అలాంటిదే. బంతిలో ముందు ఆకు మీద నీళ్ళు చిలకరించి తుడుచుకుంటాం. ఇక్కడ సీసాను మెడ దగ్గర పట్టుకుని తలకిందులు చేసి, లోపలికి నీళ్ళు చిమ్మి, వాడ్చి, మళ్ళీ నిలబెడతారు. దీన్ని రిన్సరు అంటారు. తరవాత వడ్డన. మన బంతిలో తినేవాళ్ళు కూర్చుంటారు, వడ్డించేవాడు తిరుగుతాడు. మిషనులో ఇద్దరూ కలిసే తిరుగుతారు. ఒక పెద్ద చక్రం చుట్టూ 18 వాల్వులు ఉంటే 18 మంది వడ్డించేవాళ్ళున్నట్టు. ఒక్కో సీసాకు ఒక్కో వాల్వు, చక్రం ఒక చుట్టు తిరిగేలోపు దాని వడ్డన అయిపోవాలి. నిమిషానికి 60 సీసాలు తీసే మిషనులో ఆ చుట్టుకు పట్టేది 18 సెకన్లు. ఎక్కడానికీ దిగడానికీ పోగా నిండడానికి దొరికేది పదీ పన్నెండు సెకన్లే. ఇక ముందు బంతి లేవకుండా రెండో బంతి వాళ్ళు తోసుకురాకూడదు కదా. అందుకు స్టార్ వీల్ అని పళ్ళ చక్రం ఉంటుంది. ఒక్కో పల్లం ఒక్కో సీసానే లోపలికి వదులుతుంది.

వడ్డించేవాడు ఎప్పుడు ఆగుతాడు? మనం ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అన్నప్పుడు. సీసా కూడా ఆ మాట అంటుంది, ఎలాగో వినండి. సీసా పైకి లేచి దాని మూతి వాల్వు కింద రబ్బరు వాషరుకు గట్టిగా ఆనుతుంది. ఆ తోపుకి స్ప్రింగు నొక్కుకుని వాల్వు తెరుచుకుంటుంది. వాల్వు నడుమ సన్నటి గొట్టం ఒకటి సీసాలోకి దిగి ఉంటుంది. నీళ్ళు దాని చుట్టూ జారుతూ కిందికి వస్తాయి, సీసాలో గాలి ఆ గొట్టంలోంచి పైకి పోతుంది. నీళ్ళు పెరిగి పెరిగి గొట్టం కొసను తాకగానే గాలికి దారి మూసుకుపోతుంది. గాలి కదలకపోతే కొత్త నీళ్ళకు చోటు ఉండదు. వడ్డన ఆగిపోయింది! ఎవరూ కొలవలేదు. గొట్టం కొస ఎక్కడుంటే గీత అక్కడ. సీసా కిందికి దిగి గొట్టం బయటికి వచ్చేసరికి గీత ఇంకాస్త దిగుతుంది, ఆ తేడా కూడా ముందే లెక్కలో వేసుకుంటారు. గీత మార్చాలంటే వాల్వు దగ్గర మందం తేడా ఉన్న వాషరు వేస్తారు, అంతే.

మోసమా అన్నారు. మీరు కొన్న లీటరు సీసాను మూతి దాకా నింపి చూడండి, లీటరు కంటే ఎక్కువే పడుతుంది. లీటరు గీత ఆ ఖాళీకి కిందే ఉంటుంది. ఖాళీ ఉండి తీరాలి కూడా. 20 డిగ్రీల దగ్గర నింపిన లీటరు నీళ్ళు లారీలో ఎండకు 40 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 6 మిల్లీలీటర్లు పెరుగుతాయి. పెరిగిన నీళ్ళకు చోటుండాలి. పైగా పల్చటి సీసాను పట్టుకుని మూత తిప్పితే కొంచెమైనా నొక్కుకుంటుంది, అంచు దాకా ఉంటే ఆ నీళ్ళు మీ చొక్కా మీదే.

ఒక మెలిక ఉంది. గొట్టం చూసుకునేది ఎత్తునే, కొలతను కాదు. సీసాలన్నీ ఒకే కొలతలో ఊదినవైతే గీతా కొలతా ఒకటే. ఊదేటప్పుడు వేడి తేడా వచ్చి సీసా కాస్త బిగిసినా ఉబ్బినా, గీత మారదు గానీ లోపల నీళ్ళు మారిపోతాయి. అందుకని ఆపరేటరు గీతను నమ్మడు, కాటాను నమ్ముతాడు. షిఫ్టు మొదట్లో ఒక్కో వాల్వు నుంచి ఒక్కో సీసా తీసి వరస తప్పకుండా తూస్తాడు, ఆ తరవాత అరగంటకో గంటకో మళ్ళీ తూస్తాడు. ఖాళీ సీసా, మూత బరువు తీసేస్తే మిగిలింది నీళ్ళు. లీటరు నీళ్ళు సరిగ్గా కిలో అని బడిలో చెప్పి ఉంటారు. 30 డిగ్రీల నీళ్ళు లీటరుకు 996 గ్రాముల దగ్గర తూగుతాయి. ఆ 4 గ్రాములు మరిచిపోయినవాడు వాల్వు బాగానే ఉన్నా విప్పి కూర్చుంటాడు. 2011 నాటి తూనికలు కొలతల నియమాల ప్రకారం లీటరు సీసాకు ఒప్పుకునే తరుగు 15 మిల్లీలీటర్లు, అన్నీ కలిపి చూస్తే మాత్రం సగటు లీటరుకు తగ్గకూడదు. నూనె నింపే చోట దాదాపుగా బరువుతోనే నడుస్తుంది. మీ ఇంట్లో లీటరు నూనె ప్యాకెట్టు మీద 910 గ్రాములని ఉంటుంది, చూడండి.

బంతిలో వలపక్షం అంటారు చూడండి, మనవాడి ఆకులో నాలుగు గారెలు, పక్కవాడి ఆకులో రెండు. మిషనులో కూడా అది వస్తుంది. అది పట్టుకోవడంలోనే ఆపరేటరు తెలివి బయటపడుతుంది. సీసాలన్నీ తక్కువగా వస్తుంటే తప్పు ట్యాంకుది. పంపు నీళ్ళు అందించడం లేదు, లేదా ట్యాంకులో నీటి మట్టం చూసే తేలుడు బంతి, ఫ్లోటు, ఇరుక్కుంది. అలా కాక ప్రతి పద్దెనిమిదో సీసా ఒక్కటే తక్కువైతే తప్పు ఒక్క వాల్వుది. రబ్బరు వాషరు పగిలిందా, గొట్టం వంగిందా, స్ప్రింగు సడలిందా అని ఆ ఒక్కదాన్నే విప్పి చూడాలి. నిండిన సీసా మీద బొట్లు పడుతుంటే వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదన్నమాట. మూతలు బిగించే తలలు 6 ఉండి, ప్రతి ఆరో మూత వంకరగా పడుతుంటే అది నీళ్ళు నింపే చక్రం గొడవ కాదు, ఆ ఒక్క తలది. చూశారా, మీరు బట్టీ పట్టే ఎక్కాలకు ఇక్కడ ఎంత పని ఉందో! చెడ్డ సీసా ఒకటి కనిపించగానే వాల్వు తిప్పేసేవాడు పచ్చివాడు. రెండు చుట్లు నిలబడి లెక్కపెట్టేవాడు పని తెలిసినవాడు. పాఠంలో అయినా లెక్క తప్పగానే రబ్బరుతో చెరిపేయకండర్రా, ఎక్కడ తప్పిందో ముందు చూడండి.

మా చిన్నతనంలో ప్లాస్టిక్ సీసాలు లేవు. ఎండాకాలం వస్తే గోళీసోడా. ఆకుపచ్చ గాజు సీసా, మెడలో రెండు నొక్కులు, లోపల గోళీ, మూతి లోపల రబ్బరు ఉంగరం. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. సోడా కొట్టువాడు నీళ్ళు పోసిన సీసాను ఇనప పెట్టెలో బిగించి, గ్యాసు వదిలి చక్రం తిప్పేవాడు. సీసా తలకిందులవగానే గోళీ మూతిలోకి జారేది, లోపలి గ్యాసు దాన్ని రబ్బరు ఉంగరానికి అదిమి పట్టేది. మూత అక్కర్లేదు, బిగించేవాడూ అక్కర్లేదు. తాగేటప్పుడు నొక్కులున్న వైపు కిందికి పెట్టి వంచాలి. గోళీ ఆ నొక్కుల్లో ఆగి మూతికి అడ్డం రాదు. అటుది ఇటు పట్టుకున్నవాడికి చుక్క దిగేది కాదు, చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటే నవ్వు. ఇనప పెట్టె ఎందుకంటే సీసా అప్పుడప్పుడు పేలేది.

ఇప్పటి సోడా, కూల్‌డ్రింకు నింపడంలో కూడా ఆ గ్యాసుతోనే తంటా. తెరిచి ఉన్న సీసాలోకి ఊరికే వదిలితే అంతా నురగై పొంగిపోతుంది. అందుకని ముందు సీసాలోకి గ్యాసు ఎక్కించి, ట్యాంకులో ఎంత ఒత్తిడి ఉందో సీసాలోనూ అంతే చేస్తారు. రెండు వైపులా సమానమయ్యాక డ్రింకు తన బరువుతో తాను నెమ్మదిగా దిగుతుంది. గ్యాసు ఆ సన్న గొట్టంలోంచే వెనక్కి పోతుంది. నిండాక ఒత్తిడిని ఒక్కసారిగా వదలకూడదు, కొంచెం కొంచెంగా వదలాలి. డ్రింకు 2 నుంచి 4 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, చల్లటి నీళ్ళే గ్యాసును పట్టి ఉంచుతాయి. కరెంటు పోయి డ్రింకును చల్లబరిచే చిల్లరు మిషను ఆగిందంటే కాసేపట్లో లైనంతా నురగే. మామిడి రసం దీనికి తిరగేసి ఉంటుంది. 85 డిగ్రీలకు పైన వేడిగా నింపి, మూత బిగించి, సీసాను పడుకోబెడతారు, ఆ వేడికి మూత లోపలి వైపున్న సూక్ష్మజీవులు కూడా చావాలని. చల్లారాక లోపలిది కుంచించుకుని సీసాను లోపలికి లాగుతుంది కాబట్టి ఆ సీసాకు పలకలు, గాడులు పెడతారు.

ఇక మూత. బంతి పోలికలో దీన్ని తాంబూలం అనాలని చూశాను గానీ, తాంబూలం ఎవరూ బిగించరు కదా, కుదరదు. మూత బిగించే తలలో అయస్కాంతాల క్లచ్ ఉంటుంది. కావలసినంత బిగువు రాగానే అది జారిపోతుంది, ఇంక తిప్పదు. అయస్కాంతాల మధ్య ఎడం పెరిగితే మూత వదులు, తగ్గితే అమ్మమ్మ చేత్తో రానంత బిగువు. మూత కింద తెగే పట్టీ ఉంటుంది చూడండి, కొనేటప్పుడే అది తెగి ఉంటే ఆ సీసా తీసుకోకండి.

సీసా ఒకటి పడిపోయి స్టార్ వీల్‌లో ఇరుక్కుంటుంది, రోజూ జరిగేదే. చెయ్యి పెట్టి లాగేద్దాం అనిపిస్తుంది, వేళ్ళు పోయేది అక్కడే. ముందు ఎర్ర బటన్ నొక్కాలి. మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. అప్పుడు తలుపు తెరవాలి. తలుపు తెరిస్తే మిషను ఆగే స్విచ్ ఒకటి ఉంటుంది, పని తొందరలో దానికి టేపు అంటించేవాళ్ళు ఉంటారు. అలాంటివాడి పక్కన పని చెయ్యకూడదు. ఉంగరాలు, గాజులు, వాచీ, వేలాడే చున్నీ లోపలికి రానివ్వరు. గాజు సీసా పగిలిందంటే దానికి అటూ ఇటూ ఉన్న సీసాలు కూడా తీసి పారేసి, ఆ వాల్వు కడిగాకే మళ్ళీ మొదలు. మన వైపు ఒకే లైను మీద ఒడియా, తెలుగు, సవర మాట్లాడేవాళ్ళుంటారు, మిషను హోరులో ఏ భాషా వినపడదు. పిడికిలి చూపితే ఆపమని. అది అందరికీ తెలిసుండాలి. బరంపురం ఐటీఐలో ఫిట్టరు చదివి వచ్చినవాడికి కూడా మొదట నేర్పేది ఇదే.

ఇప్పుడు సీసా చేత్తో పట్టుకోండి. మూతకు కొంచెం కింద గుండ్రటి అంచు తగులుతుంది. చాలా లైన్లలో మిషను పట్టుకునేది దాన్నే, ఖాళీ సీసా వేలాడుతూ వెళ్ళేది ఆ అంచు మీదే. అడుగున సరిగ్గా మధ్యలో చిన్న బొడిపె చూడండి. సీసా పుట్టక ముందు అరచేతిలో ఇమిడే మందపాటి ప్లాస్టిక్ గొట్టం, ప్రీఫారం అంటారు. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దిగింది ఆ బొడిపె దగ్గరే. దాన్ని 100 డిగ్రీల దాపుకు వేడిచేసి, కడ్డీతో సాగదీసి, అచ్చులో గాలితో ఊదితే సీసా అయింది. మూతి మరలు మాత్రం మొదటి నుంచీ అవే. అంత చిన్న గొట్టం అంత సీసా ఎలా అవుతుందో, ఎన్నిసార్లు చూసినా నాకింకా వింతే.

సెలవు రోజున ఒక పని చెయ్యండి. ఖాళీ సీసా మూతిలో గరాటు పెట్టి, సందు లేకుండా చుట్టూ గోధుమపిండి ముద్ద అదమండి. నీళ్ళు పొయ్యండి. కొంచెం దిగి ఆగిపోతాయి. ఇప్పుడు పిండి పక్కనుంచి ఒక స్ట్రా దూర్చండి, కింది కొస సీసాలో మూడు వేళ్ళ లోతున, పై కొస గరాటు కంటే ఎత్తులో ఉండాలి. స్ట్రా చుట్టూ కూడా పిండి అదమండి. మళ్ళీ పొయ్యండి. నీళ్ళు ఎక్కడ ఆగాయో పెన్నుతో గీత గియ్యండి. స్ట్రాను రెండు వేళ్ళు కిందికి దించి, సీసా ఖాళీ చేసి, ఇంకోసారి. రెండు గీతల మధ్య ఎడం స్కేలుతో కొలిచి నాకు రాయండి.

మీ తాతయ్య