ఒట్టావా ఒప్పందానికి భారత్ ఎందుకు దూరం?

ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, ఫిన్లాండ్, పోలండ్. మందుపాతరలను నిషేధించే ఒట్టావా ఒప్పందం నుంచి బయటికి రావాలని 2025లో నిర్ణయించుకున్న దేశాలివి. పక్కనే రష్యా ఉండగా మందుపాతరలు లేకుండా సరిహద్దు కాపాడుకోలేమన్నది వాటి వాదన. భారత్ దాదాపు ఇదే మాట 1997 నుంచీ చెబుతూ, అసలు సంతకమే పెట్టలేదు.

ఆ ఏడాది బ్రిటన్ యువరాణి డయానా ఆఫ్రికాలోని అంగోలా వెళ్లి మందుపాతరల మధ్య నడిచిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. సెప్టెంబరులో ఓస్లోలో ఒప్పందం ముసాయిదా ఖరారైంది. డిసెంబరులో కెనడా రాజధాని ఒట్టావాలో 122 దేశాలు సంతకాలు చేశాయి. మనిషి కాలు పడితే పేలే పాతరలను వాడకూడదు, తయారు చేయకూడదు, అమ్మకూడదు. ఉన్న నిల్వలను 4 ఏళ్లలో ధ్వంసం చేయాలి, పాతిపెట్టినవాటిని 10 ఏళ్లలో తీసేయాలి. ట్యాంకులను పేల్చే పాతరలకు ఈ నిషేధం వర్తించదు.

మందుపాతరలు లేని ప్రపంచమే తన లక్ష్యమని భారత్ కూడా అంటుంది. ఒప్పంద దేశాల సమావేశాలకు పరిశీలకురాలిగా వెళుతుంది, ఐక్యరాజ్యసమితిలో తీర్మానం వస్తే మాత్రం ఓటింగ్‌కు దూరంగా ఉంటుంది. పాతరల ఎగుమతిని 1996లోనే ఆపేసింది. పొడవైన సరిహద్దుల్లో ఇదే పని చేసే, ఖర్చులో అందుబాటులో ఉండే ప్రత్యామ్నాయం దొరకాలన్నది దాని షరతు. పాతికేళ్లు గడిచాక 2022లో సైన్యానికి అందింది 'నిపుణ్'. అదీ మందుపాతరే, కాకపోతే కొత్త తరానిది.

ఒట్టావాకు బదులు భారత్ ఒప్పుకున్నది మరో ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని సవరించిన ప్రోటోకాల్‌ను, 1999లో. దాని ప్రకారం పాతరలు వాడొచ్చు గానీ మ్యాపులు గీయాలి, కంచె వేయాలి, డిటెక్టర్‌కు దొరికేలా ఉండాలి. మన ఎం-14 పాతరది ప్లాస్టిక్ ఒళ్లు, డిటెక్టర్‌కు చిక్కడం కష్టం. అందుకే తర్వాత వాటికి లోహం జోడించాల్సి వచ్చింది.

ఈ మ్యాపులకూ కంచెలకూ అసలు పరీక్ష వెంటనే ఎదురైంది. 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడి తర్వాత పాకిస్థాన్ సరిహద్దుకు సైన్యాన్ని తరలించే ఆపరేషన్ పరాక్రమ్ మొదలైంది. పంజాబ్, రాజస్థాన్, జమ్మూ సరిహద్దుల్లో, 1971 యుద్ధం తర్వాత ఎన్నడూ లేనంతగా పాతరలు పెట్టారు. వాటిలో చాలా భాగం సాగు భూముల్లోనే. యుద్ధం రాలేదు. 2002 అక్టోబరులో సైన్యాన్ని వెనక్కి పిలిచారు. కానీ పాతరలు ఏరడానికి ఏళ్లు పట్టింది. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ జవాన్లు చనిపోయారు. రైతులు పంటలు పోగొట్టుకుని పరిహారం కోసం తిరిగారు. నియంత్రణ రేఖ దగ్గరైతే వానకు మట్టి జారి పాతరలు చోటు మారతాయి, అడవి అంటుకుంటే వాటంతటవే పేలతాయి. అక్కడ మ్యాపు ఎంత పక్కాగా గీసినా ఏం లాభం? 'భద్రతా అవసరం' లెక్క వేసేటప్పుడు ఈ ఖర్చు ఎవరూ పెద్దగా కలపరు.

అంతర్గత భద్రత కోసం మాత్రం పాతరలు వాడబోమని భారత్ చెబుతుంది. లోపల వాడింది మావోయిస్టులు. 2003 అక్టోబరు 1న అలిపిరిలో చంద్రబాబుపై పేల్చిన క్లేమోర్ లాంటివి, కనిపెట్టి కూర్చున్న మనిషి మీట నొక్కితే పేలేవి, ఒట్టావా నిషేధంలోకి రావు. కాలు పడితే పేలే ప్రెషర్ బాంబులు వస్తాయి. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో అలాంటివి అమర్చామని, అటు రావద్దని 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులే ప్రకటించారు. కట్టెలకూ ఆకులకూ గుట్టెక్కే ములుగు జిల్లా ఆదివాసీలకు అది దారి మూసేసినట్టే. భారత్ ఒప్పందంలో ఉండి ఉంటే, ఎవరు పెట్టారన్నదానితో పని లేకుండా ఆ గుట్టలను గడువులోగా శుభ్రం చేసి, ఏటా లెక్క చెప్పాల్సిన బాధ్యత ప్రభుత్వం మీదే పడేది.