మన ఊళ్లో అంతరిక్ష నౌక: ఫ్యాన్ ఫిల్మ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మేం కొంతమందిమి కలిసి స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్ ప్రపంచంలో జరిగే కథతో ఫ్యాన్ ఫిల్మ్, అంటే అభిమానులు సొంతంగా తీసుకునే సినిమా, తీస్తున్నాం. అందులో సెట్లు, సౌండు నా బాధ్యత. ఇలాంటిదే తీద్దామని ఉత్సాహపడే కుర్రాళ్లు శ్రీకాకుళం నుంచి కూడా వచ్చి అడుగుతుంటారు. వాళ్ల నోట పదేపదే వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: డబ్బులు తీసుకోకుండా ఊరికే చూపిస్తే ఎవరూ ఏమీ అనరు.

వాస్తవం: అన్నింటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. లాభం లేనంత మాత్రాన హక్కు వచ్చేయదు. మన కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 52లో సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్తా కథనం వంటి మినహాయింపులున్నాయి గానీ ఫ్యాన్ ఫిల్మ్ అన్న మాట లేదు. యూట్యూబ్‌లో లోకమంతా చూసేలా పెట్టి సొంత వాడకం అనలేం కదా.

అమెరికాలో ఏం జరిగిందో చూడండి. 2014లో 'ప్రెల్యూడ్ టు ఆక్సనార్' అనే 21 నిమిషాల స్టార్ ట్రెక్ ఫ్యాన్ ఫిల్మ్ వచ్చింది. చాలా బాగుంది కూడా. తర్వాత పూర్తి నిడివి సినిమా తీస్తామంటే అభిమానులు పది లక్షల డాలర్లకు పైగా చందాలిచ్చారు. 2015 డిసెంబరులో స్టార్ ట్రెక్ హక్కులున్న పారామౌంట్, సీబీఎస్ సంస్థలు కోర్టుకెక్కాయి. 2017 జనవరిలో జడ్జి 'ఫెయిర్ యూజ్' (అనుమతి లేకుండానే కొంతమేర వాడుకోవచ్చనే మినహాయింపు) వాదన ఇక్కడ చెల్లదన్నారు. అదే నెలలో రాజీ కుదిరింది.

ఈ గొడవ నడుస్తుండగానే, 2016 జూన్‌లో ఆ రెండు సంస్థలూ ఫ్యాన్ ఫిల్మ్‌లకు నియమాలు ప్రకటించాయి. కథ 15 నిమిషాల్లో అయిపోవాలి. రెండు భాగాలైతే మొత్తం 30 నిమిషాలు దాటకూడదు. సీక్వెల్ ఉండకూడదు. పేరులో 'స్టార్ ట్రెక్' అని పెట్టకూడదు, కింద ఉపశీర్షికగా మాత్రం 'ఎ స్టార్ ట్రెక్ ఫ్యాన్ ప్రొడక్షన్' అని వేయాలి. నటులు, సాంకేతిక నిపుణులు ఎవరూ పారితోషికం తీసుకోకూడదు. చందాలు 50,000 డాలర్లు మించకూడదు. టికెట్టు పెట్టి చూపించడం, డీవీడీలు వేయడం కుదరదు. వీటిని పాటిస్తే అభ్యంతరం చెప్పబోమన్నారు. స్క్రిప్టు మొదలుపెట్టేముందే ఈ నియమాలు ప్రింటు తీసి గోడకు అంటించుకోండి. మరో ఫ్రాంచైజీ అయితే దాని హక్కుదారుల షరతులు వేరే ఉంటాయి, వాటిని చదవాలి.

అపోహ: పదిహేను నిమిషాల్లో పెద్ద కథ చెప్పలేం.

వాస్తవం: చెప్పనక్కర్లేదు. యుద్ధాలు, గ్రహాలు, పదిమంది కెప్టెన్లు వద్దు. ఒక గది, ముగ్గురు మనుషులు, తప్పించుకోలేని ఒక నిర్ణయం చాలు. మన ధ్యాసంతా ఆ నిర్ణయం బరువు మీద ఉండాలి.

అపోహ: మంచి కెమెరా ఉంటే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: ఫోన్ చాలు. కాకపోతే మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50 సెకను పెట్టుకోండి. లేదంటే లైట్ల కింద తెర మీద చారలు పాకుతాయి.

చూసేవాళ్లు మసకబొమ్మను క్షమిస్తారు, వినపడని మాటను క్షమించరు. కళింగపట్నం బీచ్‌లో తీసిన సీనులో గాలి హోరు తప్ప ఇంకేమీ మిగలదు. మైకుకు బొచ్చు తొడుగు వేసినా డబ్బింగ్ తప్పదనుకునే వెళ్లండి. ఇంట్లో చిన్న గదిలో గోడలకు పరుపులు, బొంతలు ఆనించి డబ్బింగ్ చెప్పుకోవచ్చు. నౌక ఇంజను శబ్దం కోసం మేం రైస్ మిల్లులో మోటారు చప్పుడు రికార్డు చేసి, వేగం సగానికి తగ్గించాం. గుండెల్లో గుబులు పుట్టించే హోరు వచ్చింది. దాన్ని సీనంతా సన్నగా నడిపిస్తే అట్టపెట్టె సెట్టు కూడా నౌకలా అనిపిస్తుంది.

అపోహ: సెట్టుకు లక్షలు కావాలి.

వాస్తవం: నౌకలోని కంట్రోల్ ప్యానెళ్లు వెనక నుంచి వెలిగే బొమ్మలే. షాపు బోర్డులకు వాడే బ్యాక్‌లిట్ ఫ్లెక్స్ మీద మీరు గీసిన డిజైన్ ప్రింటు చేయించి, ప్లైవుడ్ చట్రానికి బిగించి, వెనక ఎల్ఈడీ స్ట్రిప్పులు పెట్టండి. స్ట్రిప్పుకీ ఫ్లెక్సుకీ మధ్య జానెడు ఖాళీ వదలాలి, లేకపోతే ఒక్కో బల్బూ చుక్కలా కనపడుతుంది.

థర్మాకోల్‌తో ఒక జాగ్రత్త. స్ప్రే పెయింటు నేరుగా కొడితే అందులోని సాల్వెంటు దాన్ని తినేస్తుంది. కళ్లముందే గుంటలు పడి కుంగిపోతుంది. ముందు ఫెవికాల్‌లో నీళ్లు కలిపి రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరాక బ్రష్షుతో వాటర్ పెయింటు వేయండి. కవచాలకు జిమ్ మ్యాట్ ఫోమ్ మేలు. హీట్ గన్‌తో వేడిచేసి వంచితే ఆ వంపు నిలుస్తుంది. ఇక నౌక బయటి దృశ్యాలకు బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో ఓపికే పెట్టుబడి.

అపోహ: వేరే గ్రహం చూపించాలంటే రామోజీ ఫిల్మ్ సిటీకో, లడఖ్‌కో వెళ్లాలి.

వాస్తవం: టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలు చూశారా? నిటారుగా కోసిన రాతి గోడల మీద పై నుంచి కింద దాకా డ్రిల్లింగ్ గీతలు వరసగా ఉంటాయి. వాటిని దాచకండి, ఎవరో గ్రహవాసులు తొలిచిన కోటగోడలా చూపించండి. పొద్దున్నే ఏటవాలు ఎండలో ఒక్కో గీత నీడతో లేచి కనపడుతుంది. యజమాని అనుమతి, బ్లాస్టింగ్ వేళలు తెలియకుండా లోపల అడుగు పెట్టకండి. శాలిహుండం కొండ మీద స్తూపాలూ అద్భుతంగా ఉంటాయి గానీ అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని చోటు. షూటింగుకు వాళ్ల అనుమతి తప్పనిసరి. డ్రోన్ ఎగరేసేముందు, ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడండి.

అపోహ: అంతరిక్షంలో మన యాస ఎబ్బెట్టుగా ఉంటుంది.

వాస్తవం: ఈ మాటకు నాకు మనసు నొచ్చుకుంటుంది. స్టార్ ట్రెక్‌లో 1966 నుంచీ భూమ్మీది రకరకాల మనుషులు ఒకే నౌకలో పనిచేస్తున్నారు, అందులోని ఇంజనీరు స్కాట్లండ్ యాసలోనే మాట్లాడాడు. మన ఇంజనీరు "ఇంజిను ఏడెక్కిపోతంది కేప్టెన్, ఇంకేటీ సెయ్‌నేం" అంటే ఆ భయం నిజమనిపిస్తుంది. అదే మనిషి చేత పుస్తకాల తెలుగు చెప్పిస్తే నటన బిగుసుకుపోతుంది. రిహార్సల్‌లో రెండు రకాలుగానూ చెప్పించి ఫోనులో రికార్డు చేసి వినండి. బయటి ప్రాంతాల వాళ్ల కోసం సబ్‌టైటిల్స్ వేస్తే సరిపోతుంది.