నల్లగొండ కోర్టు గదిలో వెనుక బల్ల

2025 మార్చి 10న నల్లగొండలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు మిర్యాలగూడ పరువు హత్య కేసులో తీర్పు చెప్పింది. 2018 సెప్టెంబర్ 14న జరిగిన ఆ హత్యకు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష పడ్డాయన్న వార్త ఊరూరా చేరింది. ఆ కేసు నడిచిన ఏళ్లలో, దానితో ఏ సంబంధమూ లేని మనిషి కూడా విచారణ గదిలోకి వెళ్లి వెనుక బల్ల మీద కూర్చోవడానికి చట్టం ఒప్పుకుంటుందన్న సంగతి మాత్రం అంతగా చేరినట్టు లేదు.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 352వ సెక్షన్‌గా ఉండి, 1973 కోడ్‌లో 327గా మారి, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 366గా కొనసాగుతున్న నిబంధన ప్రకారం, నేర విచారణ జరిగే చోటు బహిరంగ న్యాయస్థానమే. గదిలో పట్టినంతవరకు జనం రావచ్చు. అవసరమనుకుంటే అందరినీ గానీ, ఫలానా వ్యక్తిని గానీ బయటికి పంపే అధికారం మాత్రం న్యాయమూర్తికి ఉంది.

ఈ చట్టం మన ప్రాంతానికి ఆలస్యంగా వచ్చింది. నిజాం రాజ్యంలో న్యాయవ్యవస్థ వేరు, కోడ్ వేరు, కోర్టు భాష ఉర్దూ. పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన రైతుకు తలుపు తెరిచి ఉన్నా లోపలి మాట అర్థమయ్యేది కాదు. ఆ కాలపు గుర్తుగా పేషీ, వకీలు, జమానత్ అన్న మాటలు ఇప్పటికీ మన నోళ్లలో నిలిచాయి. 1951 ఏప్రిల్ 1న గానీ భారత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ హైదరాబాద్ రాష్ట్రానికి వర్తించలేదు.

దానికి సరిగ్గా ముందరి రెండేళ్లే ఈ జిల్లా జ్ఞాపకంలో అన్నింటికన్నా బరువైనవి. పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ ప్రభుత్వం 1358 ఫసలీ (1948-49) నాటి రెగ్యులేషన్ కింద స్పెషల్ ట్రిబ్యునళ్లను పెట్టి, సెషన్స్ కోర్టుకు కేసు పంపేముందు జరగవలసిన కమిట్‌మెంట్ విచారణను పక్కనపెట్టింది. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీని బీబీనగర్ దోపిడీ కేసులో విచారించిందీ, సాయుధ పోరాటంలో పాల్గొన్న రైతులను విచారించిందీ ఈ ట్రిబ్యునళ్లే. 1949 ఆగస్టులో ఉరిశిక్ష పడిన తెలంగాణ రైతుల తరఫున బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో వాదించారు. విచారణలో తమకు వకీలును పెట్టుకునే వీలు దొరకలేదన్నది వారి ఫిర్యాదుల్లో ఒకటి. 1951 మార్చి 16న సుప్రీంకోర్టు వారి పిటిషన్లను కొట్టివేసింది. ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి. బోనులో నిలబడినవారికే వకీలు దొరకని చోట, చూడడానికి వచ్చేవారి హక్కు గురించి ఎవరు అడుగుతారు?

తలుపు ఎంతవరకు తెరిచి ఉండాలన్న వాదన ఆ తర్వాత దేశమంతటా సాగింది. 1966లో మిరజ్కర్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం బహిరంగ విచారణే నియమమని చెబుతూనే, న్యాయం కోసం అరుదుగా దాన్ని సడలించవచ్చన్నది. ఇందిరాగాంధీ హత్య కేసును తీహార్ జైలులో విచారించినంత మాత్రాన అది రహస్య విచారణ కాదని 1988లో సుప్రీంకోర్టు తేల్చింది. జైలు గేటు దాటి వెళ్లాల్సిన గదిని బహిరంగమనడం సామాన్యుడికి మింగుడుపడే మాట కాదని నాకు అనిపిస్తుంది.

మూసి ఉండవలసిన తలుపులూ ఉన్నాయి. 1983 సవరణతో అత్యాచార కేసుల విచారణను, 2012 పోక్సో చట్టంతో పిల్లలపై లైంగిక నేరాల విచారణను జనం లేకుండా జరపాలన్నారు. బొమ్మలరామారం మండలం హాజీపూర్ హత్యల కేసులో నల్లగొండ పోక్సో కోర్టు 2020 ఫిబ్రవరి 6న మరణశిక్ష విధించింది. దేశమంతా చూసింది తీర్పునే తప్ప సాక్ష్యాలను కాదు, చూడకూడదు కూడా. దానికి రెండు నెలల ముందు, 2019 డిసెంబర్ 6న, పాత పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయినందున ఆ కేసులో జనం చూడడానికి విచారణే లేకపోయింది.

ఇక భాష సంగతి. సాక్షి తెలుగులో చెప్పినదాన్ని న్యాయమూర్తి ఇంగ్లీషులో స్టెనోకు చెప్పి రాయించడం జిల్లా కోర్టుల్లో మామూలే కాబట్టి, వెనుక బల్ల మీదివారు ఒకే సాక్ష్యాన్ని రెండుసార్లు వింటారు. మొదటిసారి తమ ఊరి మాటలో విన్నది రెండోసారి ఎంత మారిందో పోల్చి చూడగలవారు కొందరే. ఫోన్ ఆపి, మాట్లాడకుండా కూర్చోవాలి. తమ వంతు సాక్ష్యం ఇంకా చెప్పని సాక్షులను లోపల ఉండనివ్వరు గనుక, కొత్త ముఖం కనబడగానే గుమ్మం దగ్గర బంట్రోతు “ఏ కేసు నీది?” అని అడుగుతాడు. “ఏ కేసూ లేదు, చూద్దామని వచ్చిన” అన్నవారిని ఒకసారి ఎగాదిగా చూసి, చివరి బల్ల చూపిస్తాడు.