పని ముందు, ఇల్లు తర్వాత: విశాఖ అద్దె గదుల వెనుక 90 ఏళ్లు

కంచరపాలెం వైపు కొండవాలులో నాకు బాగా తెలిసిన ఒక ఇల్లుంది. ఇల్లంటే ఒకే గోడను ఆనుకుని వరసగా వేసిన ఆరు రేకుల గదులు. రోడ్డు మీద నుంచి మెట్లెక్కి వెళ్లాలి. మెట్ల మొదట్లో ఒకటే కుళాయి. నీళ్లు వచ్చే వేళకి ఆరు కుటుంబాల బిందెలూ అక్కడ వరస కడతాయి. మూడో గదిలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కుటుంబం ఉంటుంది. ఆయనది తాపీ పని. ఆవిడ ఎంవీపీ కాలనీలో మూడిళ్లలో అంట్లు తోమి, ఇల్లు తుడుస్తుంది. పని బాగా ఉన్న నెలలో ఇద్దరిదీ కలిపి 18,000 రూపాయలు. గది అద్దె 5,000, కరెంటు వేరే. వానాకాలంలో ఆయనకు పని తగ్గుతుంది, అద్దె తగ్గదు.

"ఇంత పెద్ద ఊరు కదా బాబూ, మాలాటోళ్లకి అద్దెకి గదులు కట్టాలని ఎవులికీ తోచనేదా?" అని ఆవిడ ఒకసారి అడిగింది. నేను అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. జవాబు ఈ ఊరి చరిత్రలో ఉంది.

1933లో ఓడరేవు తెరిచేదాకా విశాఖ ఒక చిన్న పట్నం. కోటవీధి, చెంగల్రావుపేట, అల్లిపురం, ఒడ్డున జాలరిపేటలు, అవతల వాల్తేరు. రేవు వచ్చాక కూలీలు వచ్చారు. 1941లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1957లో మల్కాపురం వైపు కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం, 1960ల్లో ఎరువుల కర్మాగారం, భారీ యంత్రాలు తయారుచేసే బీహెచ్‌పీవీ వచ్చాయి. 1968లో తూర్పు నౌకాదళం కమాండ్ కేంద్రమూ ఇక్కడే ఏర్పడింది. 1951లో లక్ష దాటి కాస్త ఉన్న జనం, 1991 నాటికి చుట్టుపక్కల కలుపుకుని 10 లక్షలు దాటారు. ఇంత వేగంగా పెరిగిన ఊరికి ఇళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

పర్మినెంటు ఉద్యోగులకు వచ్చాయి. రైల్వే క్వార్టర్లు, పోర్టు క్వార్టర్లు, నేవీ క్వార్టర్లు, ఆ తర్వాత ఉక్కునగరం. ఆ ఉద్యోగులకు జీతంలోనే ఇల్లు ఉంది. వాళ్ల చుట్టూ బతికే కళాసీ (రేవులో సరుకు మోసే కూలీ), రిక్షా తొక్కేవాడు, కాంట్రాక్టు కూలీ, కూరగాయల బండివాడు, ఇళ్లలో పనిచేసే ఆడమనిషి ఎక్కడ ఉండాలన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వాళ్లు జ్ఞానాపురం, కంచరపాలెం, తాటిచెట్లపాలెం గెడ్డల (వాగుల) పక్కన, కొండల వాలుల్లో సొంతంగా గుడిసెలు వేసుకున్నారు. ఒకవైపు సముద్రం, మరోవైపు కొండలు, మధ్యలో పోర్టు, రైల్వే, నేవీ భూములు ఉన్న ఊరు ఇది. పేదవాడికి మిగిలిన చదును నేల మొదటి నుంచీ తక్కువే.

1962లో టౌన్ ప్లానింగ్ ట్రస్టు, 1978లో వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చాయి. మువ్వలవానిపాలెం దగ్గర వేసిన లేఅవుటే నేటి ఎంవీపీ కాలనీ. వుడా ఆ రోజుల్లో తక్కువ ఆదాయ వర్గాల పేరుతో కూడా ఇళ్లు, స్థలాలు ఇచ్చింది, అది మంచి పనే. కానీ ఇచ్చిందంతా కొనుక్కోవడానికే. అప్పు పుట్టే ఉద్యోగం, కట్టడానికి ముందస్తు డబ్బు ఉన్నవాళ్లకే అవి అందాయి. మన గృహ విధానం ఎక్కువగా సొంతింటి చుట్టూ తిరిగిందని, అద్దె మాట అరుదుగానే వినపడిందని నేను అనేది అందుకే.

మరి అద్దె గదులు కట్టింది ఎవరు? నిజం చెప్పాలంటే పేదలే.

గాజువాక వైపు చూడండి. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. అది జాతికి అంకితమైంది 1992లో. మధ్యలో 60కి పైగా ఊళ్లు లేచిపోయాయి. వాళ్ల కోసం అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ, దువ్వాడ వైపు పునరావాస కాలనీలు వేశారు. పొలం పోయింది, అందరికీ ఉద్యోగం రాలేదు. ఆర్ కార్డు (నిర్వాసిత కుటుంబమని ఇచ్చిన కార్డు) పట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలున్నాయి. చేతిలో ఉన్నది ఇంటి స్థలం ఒక్కటే. పరిహారం డబ్బుతో వెనక వరసగా రెండు గదులు వేసి కాంట్రాక్టు కూలీలకు అద్దెకిచ్చిన వాళ్లెందరో. భూమి పోయిన రైతుకు ఆ అద్దే పంటయింది. అందుకే ఇంటి ఓనర్లందరినీ దోపిడీదారులుగా చూసే మాటలు నాకు నచ్చవు. ఆరు గదుల ఓనరు కూడా చాలాసార్లు ఒక గదిలోనే ఉంటారు.

రెండో మూలం కొండవాలు బస్తీలు. 1988లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో విశాఖ మురికివాడల అభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. మెట్లు, కాలువలు, వీధి దీపాలు, కుళాయిలు, కమ్యూనిటీ హాళ్లు వచ్చాయి. గుడిసె రేకుల ఇల్లయింది, కొన్ని చోట్ల రేకుల ఇల్లు స్లాబు ఇల్లయింది. మేడ మీద ఒక పోర్షను లేచింది. తక్కువ ఆదాయంవాళ్లకు ఊరి మధ్యలో అద్దె గదులు దొరికాయంటే ఎక్కువగా ఈ బస్తీల వల్లే. 2011 జనాభా లెక్కల్లో విశాఖ కార్పొరేషన్ ఇళ్లలో 44 శాతం మురికివాడల్లో ఉన్నట్టు తేలింది. దేశంలో 10 లక్షలు దాటిన నగరాల్లో అదే అన్నిటికంటే ఎక్కువ. ఆ అంకె చూసి చాలామంది సిగ్గుపడ్డారు. నాకు మాత్రం అందులో వేరే సంగతి కనిపించింది: ప్రభుత్వం కట్టని అద్దె ఇళ్లను ఈ 44 శాతమే కట్టి పెట్టింది.

మూడోది సింహాచలం పంచగ్రామాలు: అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి. దేవస్థానం భూముల వివాదం 1990ల నుంచి నలుగుతోంది. కట్టిన ఇంటికి రిజిస్ట్రేషన్ కాదు, ప్లాను రాదు, బ్యాంకు అప్పు పుట్టదు. అమ్ముకోలేని ఇల్లు గనక అద్దెకే ఇస్తారు, అద్దెలూ కాస్త అందుబాటులో ఉంటాయి. ఇంటివాళ్ల తలనొప్పి అద్దెవాళ్లకు నీడయిందన్నమాట.

చట్టం సంగతికొస్తే, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం అద్దెవాళ్లకు కొంత రక్షణ ఇచ్చింది. ఊరికే ఖాళీ చేయించడానికి వీల్లేదు, సరసమైన అద్దె నిర్ణయించమని రెంట్ కంట్రోలర్‌ను అడగొచ్చు. కానీ కోర్టు మెట్లెక్కడానికి కాగితం కావాలి. మన వరస గదుల్లో కాగితం ఎక్కడిది? 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500 దాటిన అద్దె ఇళ్లు ఆ చట్టం పరిధిలోంచే తప్పుకున్నాయి. తర్వాత అద్దెలు పెరిగిన కొద్దీ రక్షణ దానంతటదే కరిగిపోయింది. 2017లో చేసిన కొత్త చట్టం రాతపూర్వక ఒప్పందం మీద నడిచేది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. కొండవాలులో మాత్రం "ఒకటో తారీఖుకల్లా ఇచ్చేయాలి, ఇద్దరు పిల్లల కంటే ఎక్కువ ఉండకూడదు" అన్న నోటి మాటే అగ్రిమెంటు. గది చూడ్డానికి వెళ్లగానే వచ్చే మొదటి ప్రశ్న "మీరేమిట్లు?" అని, అంటే మీదే కులమని. ఆ ప్రశ్నకు ఏ చట్టమూ అడ్డుపడింది లేదు. అద్దె కట్టగలిగినా ఆ జవాబు దగ్గరే గది చేజారినవాళ్లు నాకు తెలుసు.

కరెంటు లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. ఆరు గదులకూ తరచూ ఒకటే సర్వీసు, లోపల సబ్ మీటర్లు. 2022 నాటి టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 400 దాటితే 9.75. విడి మీటరు ఉంటే ఒక్కో గదీ కింది స్లాబుల్లోనే ఆగేది. అందరి వాడకం ఒకే మీటరులో కలిసేసరికి బిల్లు పై స్లాబుకు ఎక్కుతుంది. ఓనరు కావాలని మోసం చేయకపోయినా, ఒక ఫ్యాను, రెండు లైట్లు, ఒక టీవీ ఉన్న గది ఏసీ ఉన్న ఇంటి రేటు కడుతుంది. పేదవాడు ఎక్కువ రేటు కట్టడమంటే ఇదే.

2000 తర్వాత పథకాలు వరస కట్టాయి. మురికివాడల పేదల కోసం వాంబే (వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన), 2005లో నగరాల బాగు కోసం కేంద్రం తెచ్చిన జేఎన్ఎన్‌యూఆర్ఎం, 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన, రాష్ట్రంలో ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ టిడ్కో ఇళ్లు. టిడ్కో ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగులు. 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో మొదలుపెట్టి 1.2 లక్షలకు పైగా కుటుంబాలకు సెంటు చొప్పున పట్టాలిచ్చారు. ఇచ్చినందుకు సంతోషించాలి. కానీ ఎంవీపీలో పొద్దున్నే ఆరింటికి పనిలో ఉండాల్సిన మనిషికి సబ్బవరం ఎంత దూరం? అక్కడ ఇల్లు పూర్తయినా, ఊళ్లో పని ఉన్నన్నాళ్లూ ఊళ్లో అద్దె తప్పదు. సొంతిల్లు ఒకచోట, బతుకు ఇంకోచోట.

అద్దె అన్న మాట ప్రభుత్వ పథకాల్లో గట్టిగా వినపడింది 2020లో. లాక్‌డౌన్‌లో వలస కూలీలు జాతీయ రహదారుల వెంట నడిచి వెళ్లడం దేశమంతా చూసింది. ఆ ఏడాది జులైలో కేంద్రం అందుబాటు అద్దె గృహ సముదాయాల పథకం ప్రకటించింది. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ ఇళ్లను అద్దెకివ్వడం, సంస్థలు తమ సొంత స్థలాల్లో కూలీల కోసం కట్టడం అందులోని రెండు దారులు. 2024లో వచ్చిన ఆవాస్ యోజన రెండో విడతలో అద్దె ఇళ్లకు విడిగా ఒక భాగం పెట్టారు. 

ఇప్పుడు మళ్లీ కొత్త పనులొస్తున్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. మధురవాడ, ఆనందపురం వైపు ఎక్కడ విన్నా భూముల రేట్ల మాటే. ఆ భవనాలకు తాపీ పట్టేవాళ్లు, ఇనుము కట్టేవాళ్లు, తర్వాత అక్కడ ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు ఎక్కడ ఉంటారో ఇప్పుడే అడగాలి. ఆ లేఅవుట్లలోనే కొంత నేల అద్దె గదులకు పక్కన పెట్టమని, వరస గదులకు విడి మీటర్లు సులువుగా ఇవ్వమని, నోటి మాట అద్దెకు ఒక పేజీ కాగితం వార్డు సచివాలయంలో ఉచితంగా రాసిపెట్టమని కార్పొరేషన్‌ను అడగొచ్చు. ఇవేవీ కోట్లు తినే కోరికలు కావు.

మూడో గది ఆవిడ ఆధార్ కార్డులో ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లా అడ్రసే ఉంది. ఇక్కడి అడ్రసుకు మార్చుకుందామంటే అద్దె కాగితం అడిగారట. ఓనరమ్మను అడిగితే, ఆ స్థలానికి ఆవిడ దగ్గరే పట్టా లేదు.