బడి ఆఫీసులో పిల్లల వివరాలు: అపోహలు, వాస్తవాలు

బడుల్లో రికార్డులు సరిచూడటం, ఆఫీసు సిబ్బందికి శిక్షణ ఇవ్వడం నా పని. ఒక పిల్లవాడు పదో తరగతి దాటేసరికి బడి దగ్గర ఏమేం పోగవుతాయో చూడండి: పుట్టిన తేదీ, కులం, మతం, ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, తల్లి బ్యాంకు ఖాతా, ఇంట్లో అందరి ఫోన్ నంబర్లు, నామినల్ రోల్ (పబ్లిక్ పరీక్షకు పంపే విద్యార్థుల జాబితా) కోసం రాసుకున్న పుట్టుమచ్చలు. ఆ కుటుంబం గురించి ఇంత సమాచారం ఒక్కచోట మరెక్కడా ఉండదేమో. దాన్ని చూసుకునేవాళ్లలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు పిల్లలకు చేటు చేస్తున్నాయి.

అపోహ: ఆధార్ లేకపోతే బడిలో చేర్చుకోకూడదు.

బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఆధార్ కేసు తీర్పులోనే చెప్పింది. వయసు రుజువు లేదన్న కారణంతో కూడా పిల్లల్ని వెనక్కి పంపకూడదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ అంటోంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి ఖాళీగా ఉంటే క్లర్కుకు కంగారు పుట్టడం సహజమే. ఆ కంగారు బిడ్డ చదువుకు అడ్డు రాకూడదు.

అపార్ నంబరు, అంటే ప్రతి విద్యార్థికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, దాని సంగతీ ఇంతే. అది తల్లిదండ్రుల సమ్మతితో ఇచ్చేది. "పైనుంచి నూరు శాతం అడుగుతున్నారు, రేపు సంతకం పెట్టించుకు రా" అని పిల్లవాడి చేతికి ఫారం ఇచ్చి పంపితే దాన్ని సమ్మతి అనలేం. అది దేనికో తెలుగులో చెప్పాలి, వద్దనే వీలు ఉందనీ చెప్పాలి.

అపోహ: మాది చిన్న బడి, డేటా చట్టాలు పెద్ద కంపెనీలకు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం బడి సైజు చూసి వదిలేయదు. కాగితం మీద తీసుకున్న వివరాలను తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించినా అది వర్తిస్తుంది. ఈ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే. అంటే ఇంటర్ విద్యార్థుల్లో చాలామంది కూడా. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. పిల్లల డేటా విషయంలో ఉల్లంఘనకు జరిమానా రూ.200 కోట్ల వరకు ఉండొచ్చు.

"బడులకు మినహాయింపు ఉందట కదా" అని కరస్పాండెంట్లు (ప్రైవేటు బడుల నిర్వాహకులు) అడుగుతుంటారు. ఉంది, కానీ చాలా ఇరుకైనది. చదువుకు సంబంధించిన పనుల కోసం, పిల్లల భద్రత కోసం వాళ్లను గమనించడానికి తల్లిదండ్రుల సమ్మతి విషయంలో వెసులుబాటు ఇచ్చారు. హాజరు తీసుకోవచ్చు. కానీ తొమ్మిదో తరగతి ఫోన్ నంబర్ల జాబితాను ట్యూషన్ యాప్ వాళ్ల చేతిలో పెట్టడం ఈ మినహాయింపు కిందికి రాదు.

అపోహ: డేటా పోవడమంటే ఎవరో హ్యాక్ చేయడమే.

నేను చూసినంతలో హ్యాకర్ల అవసరం ఎప్పుడూ పడలేదు. ఫీజు బకాయిల జాబితా పేర్లతో సహా తరగతి వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. లింకు ఉన్న ఎవరైనా తెరవగలిగే గూగుల్ షీటులో నాలుగు వందల మంది ఆధార్ నంబర్లు ఉంటాయి. స్కాలర్‌షిప్ దరఖాస్తులకు నెట్ సెంటర్‌కు వెళ్తారు, స్కాన్ చేసిన పత్రాలన్నీ ఆ కంప్యూటర్‌లోనే మిగిలిపోతాయి. బడి, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ పాస్‌వర్డు బీరువా తలుపు మీద అంటించి ఉంటుంది. పాత అడ్మిషన్ ఫారాలు తూకానికి అమ్మితే పల్లీల పొట్లాలవుతాయి.

పెద్ద వ్యవస్థల్లోనూ ఇదే తీరు. ఆన్‌లైన్ పాఠాల కోసం ప్రభుత్వం తెచ్చిన దీక్ష యాప్‌కు చెందిన 10 లక్షలకు పైగా ఉపాధ్యాయుల వివరాలు, దాదాపు 6 లక్షల మంది విద్యార్థుల వివరాలు రక్షణ లేని క్లౌడ్ సర్వర్‌లో ఉండిపోయాయని 2023 జనవరిలో బయటపడింది. సర్వర్‌ను అలా తెరిచి వదిలేయడమే కారణం.

ఈ నెలలోనే చేయగలిగినవి చెబుతాను. ఆధార్ అవసరమైన చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి. జెరాక్స్ సరిచూసుకుని తిరిగిచ్చేయండి. అడ్మిషన్ రిజిస్టరు శాశ్వతంగా ఉండాల్సిందే. దానితోపాటు పాత జెరాక్సులన్నీ ఉంచాలని ఏమీ లేదు, అవసరం తీరినవి చింపేయండి. బకాయి సంగతి ఆ ఇంటికి మాత్రమే ఫోన్ చేసి చెప్పండి. ఉద్యోగి మానేసిన రోజే పాస్‌వర్డు మార్చండి.

అపోహ: బడిలో అందరూ మనవాళ్లే, దాపరికం ఎందుకు?

"ఎస్సీ, ఎస్టీ స్కాలర్‌షిప్ పిల్లలు లేచి నిలబడండి" అన్న మాట ఇప్పటికీ తరగతి గదుల్లో వినిపిస్తోంది. విన్న ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. ఆ జాబితా ఆఫీసులో ఉంది. ఒక్కొక్కరినీ విడిగా పిలిస్తే పని అయిపోతుంది. నలభై మంది ఎదుట కులం చెప్పించాల్సిన అవసరం ఏ పథకానికీ లేదు.

ఆరోగ్య వివరాలు మరీ సున్నితం. హెచ్‌ఐవీ ఉన్న పిల్లలపై విద్యాసంస్థలు వివక్ష చూపకూడదని 2017 నాటి చట్టం స్పష్టంగా చెబుతోంది. అలాంటి విషయం తెలిసిన టీచరు దాన్ని స్టాఫ్ రూములో చెప్పడానికి వీల్లేదు. లైంగిక వేధింపులకు గురైన పిల్లల పేరు, చిరునామా, చివరికి బడి పేరు కూడా బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. "మన ఊళ్లో జరిగిందట" అంటూ ఫార్వర్డు చేసే ముందు ఉపాధ్యాయులు ఇది గుర్తుంచుకోవాలి.

అపోహ: ర్యాంకుల ఫ్లెక్సీ పిల్లలకు గౌరవమే కదా!

ఫొటో, పూర్తి పేరు, హాల్ టికెట్ నంబరు, మార్కులు చౌరస్తాలో వేలాడుతుంటాయి. పదో తరగతి ఫలితాలు చూడటానికి హాల్ టికెట్ నంబరు ఒక్కటే చాలు. ఇక వేసవి రాగానే జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఇళ్లకు ఫోన్ చేసి "మీ అమ్మాయికి ఇన్ని మార్కులు వచ్చాయి కదా" అంటారు. ఆ ఫోన్ నంబర్లు వాళ్లకు ఎలా వెళ్లాయో చాలా బడుల్లో అందరికీ తెలుసు. విద్యార్థి విజయం సాధించిన తర్వాత రాతపూర్వక సమ్మతి తీసుకుంటేనే పేరు, ఫొటో ప్రకటనల్లో వాడాలని 2024 నవంబరులో కేంద్రం కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. బడులు కూడా అదే పద్ధతి పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. అడ్మిషన్ రోజే ఫారం అడుగున చిన్న అక్షరాల్లో పెట్టించుకున్న సంతకం ఇందుకు పనికిరాదు. హాల్ టికెట్ నంబరైతే ఎవరు ఒప్పుకున్నా వేయొద్దు.

అపోహ: వివరాలు బయటికి పోయినా చెప్పకపోతే బడి పరువు నిలుస్తుంది.

మోసగాడు ఫోన్‌లో బిడ్డ పేరు, తరగతి, సెక్షన్ కరెక్టుగా చెప్పి "స్కాలర్‌షిప్ డబ్బు పడుతుంది, ఓటీపీ చెప్పండమ్మా" అంటే ఏ తల్లయినా నమ్ముతుంది. ఆమెకు ముందే తెలిసి ఉంటేనే ఫోన్ పెట్టేయగలదు. డేటా చట్టం కొత్త నియమాల ప్రకారం వివరాలు పోయినవారికి ఆలస్యం లేకుండా తెలపాలి. డేటా పరిరక్షణ బోర్డుకు 72 గంటల్లోగా పూర్తి సమాచారం ఇవ్వాలి. నియమం అమల్లోకి వచ్చేదాకా ఆగకుండా అదే రోజు తల్లిదండ్రులకు సందేశం పంపండి. ఏ వివరాలు పోయాయి, ఏ తేదీన, బడి నుంచి ఎవరూ ఓటీపీ అడగరు, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సందేహాలుంటే ఆఫీసులో ఫలానా వారిని కలవండి. ఈ ఐదూ ఆ సందేశంలో ఉంటే చాలు.