పసుపు, ఆకు పసర్లు, పెద్దపేగు క్యాన్సర్: అపోహలు - వాస్తవాలు

క్యాన్సర్ మందులు (కీమో) ఎక్కించే డే కేర్‌లో ఫార్మసిస్ట్‌గా పనిచేస్తున్నాను. పేషెంట్ల ఇంటివాళ్లు ఫోన్‌లో వీడియో చూపించి తరచూ అడిగే మాట ఇది: "సార్, ఈ ఆకు క్యాన్సర్ కణాలను చంపేస్తుందని సైంటిస్టులే చెప్పారట. మరి ఈ కీమో ఎందుకు?"

అపోహ: ల్యాబ్‌లో కణాలు చచ్చాయంటే, కషాయం తాగితే గడ్డ కరుగుతుంది.

వాస్తవం: పసుపులోని కర్‌క్యుమిన్ ల్యాబ్‌లో పెద్దపేగు క్యాన్సర్ కణాలను చంపుతుంది, నిజమే. అక్కడ దాన్ని నేరుగా కణాల మీదే పోస్తారు. నోటితో తీసుకుంటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఆ కాస్తనూ పేగు గోడ, లివర్ వెంటనే మార్చేసి బయటికి పంపేస్తాయి. పేగు లోపలి పొరకు కొంత తగిలినా లింఫ్ గ్రంథులకు, లివర్‌కు పాకిన కణాల దాకా సరిపడా వెళ్లదు.

మొక్కల్లో మందు లేదని కాదు. మేం డ్రిప్‌లో ఎక్కించే ఇరినోటికాన్ అనే కీమో మందు మూలం మొక్కే. చైనాలో పెరిగే కాంప్టోథెకా చెట్టు నుంచి మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణి అనే శాస్త్రవేత్తలు వేరుచేసిన కాంప్టోథెసిన్ అనే పదార్థం గురించి 1966లో లోకానికి తెలిసింది. మన పశ్చిమ కనుమల్లోని ఒక చెట్టులోనూ అది ఉంది. కానీ దాన్ని మనుషులకు ఇచ్చి చూస్తే కొందరికి మూత్రంలో రక్తం పడింది, ఆ పరీక్షలు ఆపేశారు. తర్వాత జపాన్‌లో దాని నిర్మాణాన్ని మార్చి ఇరినోటికాన్ తయారుచేశారు. అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది 1996లో. చెట్టు నుంచి డ్రిప్ దాకా అంత పని జరిగింది. వీడియోలో ఆకు నూరేవాళ్లు ఇందులో ఏ ఒక్కటీ చేయలేదు.

పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు మొదట్లో గడ్డ పేగు దాటలేదు. ఆపరేషన్ డేట్ కూడా ఇచ్చారు. రాలేదు, పసరు వైద్యానికి వెళ్లారు. కొన్ని నెలలకు పేగు మూసుకుపోయి ఎమర్జెన్సీకి తెచ్చారు. అప్పటికే లివర్‌లో గడ్డలు. "పొట్టకు సంచి పెడతారని భయపడ్డాడు బాబూ" అంది ఆయన భార్య. మలం పోవడానికి పొట్ట మీద పెట్టే సంచి అది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ పెద్దపేగు ఆపరేషన్లలో ఎక్కువమందికి శాశ్వతంగా సంచి అవసరం పడదు. ఆ మాట ఆయనకు ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాల్సింది.

అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, వేరే అవయవాలకు పాకని దశలోనే అసలు చికిత్స వదిలి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ రోగులకు, అసలు చికిత్స తీసుకున్నవాళ్లతో పోలిస్తే మరణ ప్రమాదం సుమారు 4.5 రెట్లు ఉన్నట్టు తేలింది.

అపోహ: సహజమైనది కాబట్టి కీమోతో పాటు వాడినా నష్టం లేదు.

వాస్తవం: ఉంది. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక వాడితే రక్తంలో ఇరినోటికాన్ అసలు పనిచేసే రూపం సుమారు 40 శాతం తగ్గిపోతుంది. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. కూరలో వేసే పసుపుతో టెన్షన్ అక్కర్లేదు.

క్యాన్సర్‌కు మందని చెప్పే లక్ష్మణ ఫలం? మనుషుల్లో పనిచేసినట్టు రుజువు లేదు. ఆప్రికాట్ గింజలు? సైనైడ్ విషం.

మలంలో రక్తం పడితే మొలలేనని మందుల షాపులో క్రీమ్ కొనుక్కుని ఊరుకోకండి, డాక్టర్‌కు చూపించండి. ఇప్పటికే ఏదైనా పొడి, పసరు వాడుతుంటే తర్వాతి విడత కీమోకు ఆ డబ్బా వెంట తీసుకురండి, దాచకండి. మీ కీమో కలిపే ముందే మాకు తెలియాలి.